రివర్సు పాట

వెనక్కి తీసేటప్పుడు కారు దానంతటదే పాట పాడే ఏర్పాటు మా ఉరవకొండ పక్క ఊళ్ళకు రెండువేల సంవత్సరం దాటాక వచ్చింది. నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారానికే మా నాయన అనంతపురం తీసుకుపోయి దాన్ని బిగించిపెట్టాడు. రివర్సు గేరు వేస్తే చాలు, పసిబిడ్డను నిద్రపుచ్చే రాగమొకటి వీధంతా మోగేది.

నాకు తల కొట్టేసినట్టుండేది. అప్పట్లో నేను సర్పంచి కావాలని తిరుగుతున్నవాణ్ణి. గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని, నలుగురు చూస్తుండగా దర్జాగా కారెక్కితే, అది కాస్తా జోల అందుకునేది. "ఏమన్నా, కారులో యెవుర్ని పండుకోబెడతాండావు?" అని టీ అంగడి దగ్గర ఒకటే నవ్వులు.

తీసేయిస్తానంటే నాయన ఒప్పుకోలేదు. "ఉండనీరా. నువ్వు యెనక్కి చూసే రకమా?" అన్నాడు. ఒళ్ళు మండింది. కోపం మాకు వంశపారంపర్యం. వివేకం మాత్రం నాయన దగ్గరే ఆగిపోయింది.

మా వీధిలో చెట్టన్నది లేదు. మనుషులకే నీళ్ళు లేని చోట చెట్టుకు ఎవరు పోస్తారు? మధ్యాహ్నమైతే నా కారు వెనక పడేదే నీడ. ఎదురింటి అవ్వ చాటలో విత్తనపు వేరుశనగ కాయలు పోసుకుని ఆ నీడలో కూర్చుని ఒలిచేది. పాట మొదలవగానే చాట ఎత్తుకుని పక్కకు జరిగేది. అది రోజూ అద్దంలో కనపడేదే. అయినా పాట వల్లే ఆమె లేస్తోందన్న సంగతి నా బుర్రకెక్కలేదు. బుర్ర నిండా సర్పంచి కుర్చీయే ఉండేది.

ఎన్నికల ముందు మండల నాయకుడొకాయన మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. సర్పంచిగా ఎవరిని నిలబెట్టాలో తేల్చేది ఆయనే. తిన్నాక నా కార్లోనే కణేకల్ పోవాలి. ఆయన పక్కన కూర్చుని ఉండగా జోలపాట మోగడం తలుచుకుంటేనే చెమట పట్టింది. ఆ పొద్దున డిక్కీ తెరిచి, నాయన చూడకుండా, ఆ పాట వైరు పీకేశాను.

భోజనమయ్యాక నాయకుడు ముందు సీట్లో కూర్చున్నాడు. జనం కారు ముందర నిలబడి దండాలు పెడుతున్నారు. మా సందు ఇరుకు, వెనక్కి పోతేగానీ కారు తిరగదు. నేను ముందరి దండాలే చూసుకుంటూ రివర్సు గేరు వేశాను. పాట లేకుండా కారు కదిలింది.

భోజనాలప్పుడు లోపలికి రాకుండా అరుగు మీదే ఉండిపోయిన నాయన ఒక్క ఉదుటున లేచి కారు వెనక్కి పరుగెత్తాడు. చినిగిన బనియను, ఎగ్గట్టిన పంచె. డిక్కీ మీద రెండు చేతులా దబదబా బాదుతూ, "ఆపరా! కండ్లు కనపడవా గాడిదా!" అని అరిచాడు. బ్రేకు తొక్కాను. జనం కిసుక్కున నవ్వారు.

"ఎవురప్పా ఆయప్ప?" అన్నాడు నాయకుడు.

"మా సేద్యం చూసేటాయనన్నా," అన్నాను.

కారు అద్దాలు దించే ఉన్నాయి. నాయన విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నాయనను నాలుగు మాటలనాలని విసురుగా దిగాను. వెనక చక్రానికి జానెడు దూరంలో అవ్వ ఉంది. కాలు తిమ్మిరెక్కి లేవలేక, చాట ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుని ఉంది. నాయన ఆమెను రెక్క పట్టుకుని లేపుతున్నాడు. ఒలిచిన విత్తనాలు మట్టిలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"పాట రాల్యా గదప్పా," అంది అవ్వ, తప్పు తనదే అన్నట్టు. "బండి కదల్దులే అని కూచ్చోనుంటి."

భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. వంగి విత్తనాలు ఏరబోతే నాయన, "పోరా, పెద్దమనిషి కాచుకోనుండాడు," అన్నాడు. నా మొహం చూడలేదు. మళ్ళీ కారెక్కాక అయినా, ఆయన మా నాయన అని చెప్పి ఉండొచ్చు. కణేకల్ దాకా అంత దారి ఉంది. చెప్పలేదు. ఆ సిగ్గు ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

మర్నాడే వైరు కలిపించాను. కొన్నేళ్ళకు కొన్న కొత్త కారులో, వెనక ఏది అడ్డమున్నా కూతపెట్టే సెన్సార్లు వచ్చాయి. పాటకన్నా తెలివైనవి, పిల్లి ఉన్నా ఊరుకోవు. అయినా నేను కారు తీసిన ప్రతిసారీ నాయన అరుగు దిగి వచ్చి వెనక నిలబడేవాడు.