చెప్పాల్సిన మాట, రావాల్సిన పిలుపు

ఖానాపూర్ దగ్గరి పల్లెలో మొండయ్య కొడుకు సిద్దిరాములు వరంగల్‌లో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ ముగించుకొని 1986 ఎండకాలంలో ఇంటికి వచ్చాడు. అదేం చదువని ఎవరైనా అడిగితే మొండయ్య, "నెత్తుర్ల ఏముంటదో సూసే సదువు" అని చెప్పేవాడు. "అయితే డాక్టరేనా?" అని వాళ్లంటే, "డాక్టరు గాదు, డాక్టరుకు చెప్పేటోడు" అనేవాడు.

సిద్దిరాములుకు మాత్రం ఇంకా చదవాలని ఉంది. బెంగళూరు, ఢిల్లీ, చండీగఢ్‌లలో రోగాల మీద పరిశోధన చేసే పెద్ద సంస్థలున్నాయి. అక్కడ పీహెచ్‌డీ సీట్లు చాలా తక్కువ. దరఖాస్తు పంపాలి, ఏ రోగం మీద ఎందుకు పని చేయదలచుకున్నామో వివరంగా రాయాలి. అది నచ్చితేనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. మొదటి ఏడాది అన్ని చోట్లకూ పంపాడు. ఒక్కచోటు నుంచి కూడా పిలుపు రాలేదు. చేత్తో చేసిన పని ఏదైనా చూపించాలని అతని ప్రొఫెసర్ సలహా ఇచ్చాడు.

ఆ పని కరీంనగర్‌లో దొరికింది. డాక్టర్ లక్ష్మీకాంతరావు అనే ఆయన కడెం అడవుల అంచు గూడేల్లో సికిల్ సెల్ రోగం మీద సర్వే మొదలుపెట్టాడు. ఆ రోగం ఉన్నవాళ్ల నెత్తుటి కణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. కీళ్లు, ఎముకలు భరించలేనంత నొస్తాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే రోగం ముదురుతుంది. ఒక్కరి నుంచే వస్తే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, కానీ పిల్లలకు అందిస్తాడు. నెత్తురు తీసి, పరీక్షించే పనికి సిద్దిరాములును పెట్టుకున్నారు.

నాయకపోడు గిరిజనుల గూడెంలో మొదటిరోజు ఎవరూ సూదికి చెయ్యి ఇవ్వలేదు. మగవాళ్లు దూరంగా నిలబడి చూశారు. అప్పుడు భూమవ్వ అనే ఆమె తొమ్మిదేళ్ల కూతురు రాజవ్వను చంకనేసుకొని ముందుకు వచ్చింది. పిల్ల సన్నగా ఉంది, కళ్లు పచ్చగా ఉన్నాయి.

"చలికాలం వచ్చిందంటే దీని కాళ్లు సేతులు ఒకటే నొస్తయి బిడ్డా. ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లుతది. దేవునికి మొక్కినం, వాతలు పెట్టిచ్చినం. గీ నెత్తురు సూస్తె ఏమైందో తెలుస్తదా?"

"తెలుస్తది."

"తెలిస్తె నాకు చెప్తవా? పట్నం పట్టుకపోయి ఊకుంటవా?"

"నేనే వచ్చి చెప్త అవ్వా."

భూమవ్వ అతని ముఖంలోకి కాసేపు చూసి పిల్ల చెయ్యి చాపింది. ఆ తర్వాత ఇంటింటికీ తనే తిరిగి, "నా పిల్లే ఇచ్చింది, మీకేమైతది?" అని జనాన్ని పిలుచుకొచ్చింది. ఆమె లేకుంటే ఆ గూడెంలో సర్వే సాగేదే కాదు.

నమూనాలన్నీ కరీంనగర్ చేరాయి. ఎండకాలం మొదట్లో సిద్దిరాములు అక్కడి గదిలో తన చేతుల్తోనే పరీక్ష చేసి చూశాడు. రాజవ్వది ముదురు రోగం. అనుమానం లేదు. లక్ష్మీకాంతరావు అతన్ని కూర్చోబెట్టి చెప్పాడు:

"మందు లేని రోగమని ఊకోవద్దు. నీళ్లు బాగ తాగమనాలె. చల్లటి నీళ్లల్ల నాననియ్యొద్దు, బరువు పనులు చెయ్యనియ్యొద్దు, జ్వరమొస్తె ఆగకుండ దవాఖానకు తేవాలె. గీ నాలుగు ముచ్చట్లతోనే సగం బాధ తప్పుతది. నువ్వే పోయి చెప్పాలె, సిద్దిరాములూ. వానలు పడకముందే పో."

"పోత సార్" అన్నాడు సిద్దిరాములు.

అదే సమయంలో దరఖాస్తుల గడువు దగ్గరపడింది. ఈసారి రాయడానికి అతని దగ్గర విషయం ఉంది. గూడెం గురించి రాశాడు, జబ్బు గురించి రాశాడు, వంగిపోయిన కణాలు మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు తనకు ఏమనిపించిందో రాశాడు. చివర్లో, పరీక్షా ఫలితాలను ఆ కుటుంబాలకు స్వయంగా వివరించానని కూడా రాశాడు. అది అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు. వచ్చేవారం ఎలాగూ పోతాను కదా, ఇది అక్కడికి చేరేసరికి నిజమే అవుతుంది అనుకున్నాడు.

వచ్చేవారం పోలేదు. దరఖాస్తులు టైపు చేయించడానికి నిర్మల్‌లో ఉండిపోయాడు. ఆ తర్వాతి వారం వాటిని పోస్టు చేసి, కరీంనగర్‌లో పని అయిపోవడంతో ఇంటికి చేరి ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

ఎదురుచూపు అతన్ని మార్చేసింది. క్రితం ఏడాది వరంగల్ మిత్రుడొకడికి పిలుపు ఆలస్యంగా అంది, ఇంటర్వ్యూ రోజు దాటిపోయింది. ఆ సంగతి సిద్దిరాములు మనసులో పడిపోయింది. పొద్దున్నే ఖానాపూర్ పోస్టాఫీసు ముందు నిలబడేవాడు. పోస్ట్‌మ్యాన్ హనుమండ్లు సంచీ విప్పకముందే, "నీది లేదు పటేలా, ఇంటికి పో" అనేవాడు. ఇంట్లో తల్లి పెట్టిన అన్నం కంచంలోనే ఆరిపోయేది. తండ్రి నారుమడి దున్నుదాం రమ్మంటే, "రేపు వస్త బాపూ" అనేవాడు. గూడేనికి పోయి రావడానికి రెండు రోజులు పడుతుంది, వాగు వస్తే ఇంకా ఎక్కువ. ఆ రెండు రోజుల్లోనే పిలుపు వస్తే?

వానలు మొదలైన కొత్తలో ఒక అంగడి రోజున భూమవ్వే ఖానాపూర్ వచ్చింది. ఇప్పపువ్వు, తునికాకు కట్టలు అమ్ముకొని, కూతురి చెయ్యి పట్టుకొని పోస్టాఫీసు ముందు నుంచి పోతూ అతన్ని చూసింది. చూడగానే ముఖం విప్పారింది.

"బిడ్డా, నువ్వీడనే ఉన్నవా! మా రాజవ్వ నెత్తురు ఏమన్నది?"

సిద్దిరాములు పోస్టాఫీసు లోపలికి చూశాడు. చెప్పడం మొదలుపెడితే అక్కడితో ఆగదని తెలుసు. ఆమె అడుగుతుంది, ఏడుస్తుంది, పిల్లను దవాఖానకు తీసుకుపొమ్మంటుంది. నిర్మల్ పోవాలి, డాక్టరుకు చూపించాలి, ఒకటి రెండు రోజులు వాళ్లతో ఉండాలి. లోపల హనుమండ్లు ఉత్తరాలకు ముద్రలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకా రాలే అవ్వా. పెద్ద దవాఖానల ఉన్నది. రాంగనే నేనే వస్త."

"అయ్యో, గంత దినం పడ్తదా? మంచిది బిడ్డా. నువ్వు వస్తనన్నవు గద, ఫికర్ లేదు" అని భూమవ్వ పిల్లను తీసుకొని వెళ్లిపోయింది. వెళ్తూ రాజవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజు కూడా అతనికి ఉత్తరం రాలేదు.

ఆ సాయంత్రం నుంచి అతనికి పొలంలో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా 'ఇంకా రాలే' అన్న తన గొంతే వినిపించేది. రేపు పోదామనుకునేవాడు. పొద్దున లేవగానే కాళ్లు పోస్టాఫీసు వైపే నడిచేవి. నాట్లు ముగిశాయి, కడెం వాగు రెండుసార్లు పొంగి తీసింది.

ఆఖరుకు బెంగళూరు నుంచి పిలుపు వచ్చింది. హనుమండ్లు సైకిలు మీద పొలం దాకా వచ్చి, "నీది వచ్చింది పటేలా, మిఠాయి తినిపియ్యి!" అని గట్టున నిలబడి కేక పెట్టాడు. మొండయ్య పార వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కొడుకు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఇక్కడ ఎదురుచూడాల్సింది ఏమీ లేదు. గూడేనికి పోకపోవడానికి కారణమూ లేదు.

మర్నాడే బయలుదేరాడు. మోకాళ్ల లోతు బురదలో నడిచి గూడెం చేరేసరికి పొద్దు వాలుతోంది. రాజవ్వ గుడిసెలో చాప మీద పడుకొని ఉంది. అతన్ని చూసి లేవబోయి, లేవలేక మూలిగింది.

"నాట్లకు తోల్కపోయిన. పొద్దంత నీళ్లల్లనే నిలవడ్డది" అంది భూమవ్వ. "ఆ దినమే నడుము కింద నొప్పి వట్టింది. అప్పటిసంది కాలు కింద పెడ్తలేదు. నువ్వు మంచిగొచ్చినవ్ బిడ్డా. ఇంత వానల ఎట్లొచ్చినవో. జర కూసో, గట్క తిందువు."

ఆమె పెట్టిన మక్కజొన్న గట్క గిన్నెను పక్కన పెట్టాడు. జబ్బేమిటో చెప్పాడు. నీళ్ల సంగతి, చలి సంగతి, జ్వరం సంగతి అన్నీ చెప్పాడు. ఎప్పటి నుంచి తనకు తెలుసో మాత్రం చెప్పలేదు. మర్నాడు మంచం మీద పిల్లను మోయించి రోడ్డుకు చేర్చి, బస్సులో నిర్మల్ తీసుకుపోయాడు. ఎక్స్‌రే చూసిన డాక్టరు తుంటి ఎముకకు నెత్తురు అందక అరిగిపోయిందన్నాడు.

"ముందుగాల తెలిసుంటె బాగయ్యేదా సార్?" అని సిద్దిరాములు వరండాలో అడిగాడు.

"ఒక్క దినంల చెడేది కాదిది. నాట్లల్ల నిలవెట్టకపోతె కొంత కాపాడేటోళ్లమేమో. ఖాయంగ ఎట్ల చెప్త?"

ఖాయంగా తనవల్లే అంటే మోయడానికి ఏదో ఒకటి ఉండేది. ఖాయంగా తనవల్ల కాదంటే దించుకునేవాడు. రెండూ కాలేదు.

వారం తర్వాత బెంగళూరులో పెద్ద బల్ల ముందు కూర్చున్నాడు. అవతల అయిదారుగురు ఉన్నారు. ప్రశ్నలన్నిటికీ బాగానే జవాబిచ్చాడు. చివర్లో నెరిసిన జుట్టున్న ఒకామె అతను రాసిన పేజీ తిప్పి, "ఫలితాలు ఆ కుటుంబాలకు మీరే వివరించానని రాశారు. అలా చేసేవాళ్లు తక్కువ. వెంటనే చెప్పగలిగారా?" అని అడిగింది.

"కొంత ఆలస్యమైందండీ" అన్నాడు.

"ఎందుకు?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. మీరు పంపే ఉత్తరం కోసమే పోలేదని అనాలి. "వర్షాలు. వాగులు దాటడం కష్టం" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ అర్థమైనట్టు తల ఊపారు. ఆమె మెచ్చుకోలుగా నవ్వింది. అతనికి సీటు వచ్చింది.

ఊరు సంబరపడింది. మొండయ్య మేకను కోశాడు. సిద్దిరాములు ముద్ద వదిలేసి లేచిపోతే, దూరం పోతున్నానని దిగులు పడుతున్నాడనుకున్నారు. బయలుదేరే ముందు అతను మళ్లీ గూడేనికి పోయాడు. భూమవ్వ వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది. రాజవ్వ గోడను పట్టుకొని నడవడం నేర్చుకుంటోంది.

"అవ్వా, నీకొకటి చెప్పాలె. అంగట్ల నువ్వు అడిగిన దినం నాకు ఎరికే. అంతకుముందు సందే ఎరిక. రాలేదని అబద్ధం చెప్పిన."

భూమవ్వ చేతులు ఆగిపోయాయి. "ఎందుకు?"

"నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదుండె. ఊరు కదిలితె అది తప్పుతదని..."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వు చెప్పి ఉంటె నాట్లకు తోల్కపోకపోదును గద" అంది. మళ్లీ కంకి తీసుకుంది. దాన్ని ఒలిచి పక్కన వేసి, "చీకటి పడ్తది సారూ, పోండ్రి" అంది. అంతవరకూ ఆమె అతన్ని ఎప్పుడూ సారూ అనలేదు. ఆ తర్వాత బిడ్డా అని ఎన్నడూ పిలవలేదు.

సిద్దిరాములు బెంగళూరులో ఆరేళ్లు చదివాడు. ఆ రోగం మీదే పని చేశాడు. డాక్టరేట్ వచ్చాక పెద్ద ఉద్యోగాలు వెతకకుండా కరీంనగర్‌లో ఒక కాలేజీలో లెక్చరర్‌గా చేరాడు. సెలవుల్లో మైక్రోస్కోపు పెట్టె భుజాన వేసుకొని గూడేలు తిరిగేవాడు. నెత్తురు తీసినచోటే పరీక్ష చేసి, అక్కడే కూర్చొని చెప్పి, ఆ తర్వాతే సామాను సర్దేవాడు. లక్ష్మీకాంతరావు ఒకసారి అతన్ని నలుగురి ముందు పొగడబోతే, "వద్దు సార్" అని లేచి బయటికి వెళ్లిపోయాడు.

1997లో రాజవ్వే అతనికి కబురు పంపింది. అప్పటికి ఆమె కుంటుతూనే కుట్టుపని నేర్చుకొని, గూడెంలో రవికలు కుడుతోంది. పక్క గూడెం నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడికి పరీక్ష చేయమంది. వాకిట్లో బంధువులంతా కూర్చున్నారు. సిద్దిరాములు స్లైడు చూశాడు. కణాలు ఒక్కొక్కటిగా వంగుతున్నాయి. అబ్బాయి ఆరోగ్యంగానే ఉన్నాడు గానీ అతనిలోనూ ఆ గుణం ఉంది. పుట్టేవాళ్లలో సగం మందికి రాజవ్వ బాధే వస్తుంది.

పట్నం పోయి మళ్లీ చూసి చెప్తానని అనబోయాడు. ఆ మాట నోట్లోనే ఆపుకొని ఇద్దరినీ పక్కకు పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అబ్బాయి తలవంచుకున్నాడు. కాసేపటికి వాళ్లవాళ్లు లేచి వెళ్లిపోయారు. భూమవ్వ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

రాజవ్వ అరుగు మీద కూర్చుంది. "అప్పుడు చెప్పక పోయినవ్. ఇప్పుడు చెప్పినవ్. రెండుసార్లు నాకే తాకింది సారూ" అంది.

"అవును" అన్నాడు సిద్దిరాములు.

ఆమె కళ్లు తుడుచుకొని, "ఇంకో సంబంధమొస్తె మాట ముచ్చట కాకముందే నెత్తురు సూడాలె. అందరి ముంగట కాదు. వస్తవా?" అని అడిగింది.

"కబురు పంపు. వస్త."

మరుసటి ఏడాది జన్నారం వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఆ అబ్బాయి నెత్తుట్లో ఏ దోషమూ లేదు. పెళ్లికి సిద్దిరాములును పిలిచారు. బంతిలో భూమవ్వే అతనికి అన్నం వడ్డించి, "తినుండ్రి సారూ" అని ముందుకు సాగింది. అతను తిన్నాడు. ఫొటోకు రమ్మని రాజవ్వ పిలుస్తుంటే, బస్సు పోతుందని చెప్పి రోడ్డు వైపు నడిచాడు.