పత్తిచేను మీద ఆరు రెక్కలు

నా కొడుకు పోయిన మరుసటి ఏడాది కూడా మేము పత్తే పెట్టాం. దేవరకొండ దగ్గరి మా ఎర్ర చెలకలో ఇంకేది వేసినా నిలవదు. పత్తి పెడితే పురుగుమందు కొట్టక తప్పదు. వాడు మందు కొడుతూనే చాళ్ల మధ్య పడిపోయాడు. ఎదురుగాలికి మందు మొహం మీదికి వచ్చిందనీ, చొక్కా తడిసినా విప్పలేదనీ దవాఖానలో చెప్పారు. మూడు రోజులు ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి వాడి చొక్కాలు ఉతికి, చిరగనివి ఏరి కోడలికి ఇచ్చాను, చేనుకు పోయేటప్పుడు చీర మీద తొడుక్కోవడానికి పనికొస్తాయని.

ఇక మందు పంపు కోడలి వీపు మీదికి వచ్చింది.

మనవరాలు అప్పుడు పాలిటెక్నిక్ చదువుతోంది. తండ్రి పోయిన నెలకు నా పక్కన వచ్చి కూర్చుంది.

"అవ్వా, అమ్మ పంపు ఎత్తకుంట నేను డ్రోన్ చేస్త. ఐదు లీటర్ల మందు మోసేది."

"చేస్తే చెయ్. కొత్తది కొనే ముందు ఇంట్ల ఏమున్నదో చూడు" అన్నాను.

ఇంటి మీద పాత టీవీ ఆంటెన్నా ఊరికే ఉంది. అల్యూమినియం పైపులు కదా అని దింపించాను. వాటినే కోసి డ్రోనుకు ఆరు చేతులు చేసింది. ఒక్కో చేతి చివర ఒక మోటారు, దాని మీద ఒక రెక్క. ఖాళీ మందు డబ్బాతో డ్రోను మోకాలెత్తు లేచింది. డబ్బాలో నీళ్లు పోసేసరికి ఒక చెయ్యి వంగి, పక్కకు ఒరిగి, రెక్క నేలకు తగిలి విరిగింది.

"నీ పైపులు దండేనికి పనికొస్తయ్ గని దీనికి రావు" అంది. దేవరకొండలో కిటికీలు చేసే దుకాణం నుంచి చదరపు పైపులు తెచ్చుకుంది.

ఆ పనిలో నాకు నచ్చింది ఒక్కటే, తూకం. ప్రతి మరమేకూ కాంటాలో పెట్టి తూచేది. మరమేకుల కొసలు పొడుగు మిగిలితే రంపంతో కోసేది. తీగలు జానెడు చాలితే జానెడే ఉంచేది. అగ్గిపుల్ల కూడా పారేయని దాన్ని నేను. అయినా మరమేకు కొసలో బరువుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

రెక్కలు సరిచూసే పని నాకు అప్పగించింది. రెక్కను నడుమ సూదికి గుచ్చి అడ్డంగా పట్టుకోవాలి. బరువున్న కొస కిందికి వాలుతుంది. తేలికగా ఉన్న కొసకు టేపు ముక్క అంటించాలి. రెండూ సమానంగా నిలిచేదాకా అదే పని. మూడు రెక్కలు ఒక దిక్కుకు, మూడు ఇంకో దిక్కుకు తిరుగుతాయట. "అన్నీ ఒక్క దిక్కే తిరిగితే మొత్తం బొంగరమైతది" అని చెప్పింది.

పక్క చేను ఆయన మా వాకిలి గోడ మీది నుంచి తొంగిచూశాడు. "ఏమవ్వా, విమానం నన్నెప్పుడు ఎక్కిపిస్తవ్?"

"మరమేకుల కొసలే కోస్తున్నం. నువ్వెక్కితే నిన్నెంత కొయ్యాలె?" అన్నాను. మనవరాలు నవ్వింది. మా ఇంట్లో ఎవరైనా నవ్వి చాలా రోజులైంది. నేను నవ్వలేదు.

దసరాకు రెండు రోజుల ముందు డ్రోను ఐదు లీటర్ల నీళ్లతో లేచి వాకిట్లో గాలిలో నిలబడింది. అప్పటికే కాయల్లో గులాబీ పురుగు కనబడుతోంది. పండుగ మరునాడు డ్రోనుతోనే మందు కొడదామని అనుకున్నాం. కోడలు పంపును కొట్టంలో మూలకు పెట్టింది.

దసరా పొద్దున పనిముట్లకు పూజ చేయడం మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. కొడవలి, గడ్డపార, కోడలి కుట్టుమిషను కడిగి వరుసగా పెట్టాను. వాటి పక్కనే డ్రోను ఉంది. మనవరాలు ఏదో సరిచూస్తూ మూత తీసి, బ్యాటరీ తగిలించి, స్నానానికి పోయింది. లోపల పచ్చ లైటు వెలుగుతోంది. అన్నిటికీ పెట్టినట్టే దానికీ పసుపు కుంకుమ పెట్టాను. కొబ్బరికాయ కొట్టి అన్నిటి మీదా చల్లినట్టే దాని మీదా నీళ్లు చల్లాను. చిటపటమంది. లైటు ఆరిపోయింది.

మనవరాలు తల తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"నీళ్లు ఎవరు పోసిన్రు?"

"నేనే. కొబ్బరి నీళ్లు."

"ఎందుకవ్వా?"

"దసరా గద."

అరవలేదు. నల్లబడిన బోర్డు మీద వేలు పెట్టి, "గిదే దీని మెదడు. కొత్తది రావాల్నంటే వారం పడ్తది" అంది.

"పురుగు వారం ఆగదు" అంది కోడలు.

మరునాడు పొద్దున కోడలు చొక్కా తొడుక్కుని పంపు ముందు కూర్చుంది. నేను పట్టీ గుంజాను.

"గియ్యాల నేను కొడ్త."

"అత్తా, నీ మోకాళ్లు నీకే ఆగుతలేవు."

"నీళ్లు చల్లింది నేను. నువ్వు పోతే గా పిల్లకు ఎవరున్నరు?"

"నువ్వు పోతే నాకెవరున్నరు?" అంది.

ఆ మాట విన్నాను. లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆగాను. ఏమీ కదలలేదు. చొక్కా విప్పించి నేను తొడుక్కున్నాను. సగం పంపే నింపుకుని, గాలి వీపుకు ఉండేటట్టు నడిచాను. చొక్కా తడిసినప్పుడల్లా విప్పి మార్చాను. రెండెకరాలకు నాలుగు రోజులు పట్టింది. భయం వేయలేదు. ధైర్యం కూడా కాదది. నీళ్ల బిందె మోసినట్టు మోశాను.

వారానికి బోర్డు వచ్చింది. మనవరాలు దాన్ని టిఫిను డబ్బాలో బిగించి, మూత చుట్టూ గమ్ము పూసింది. మళ్లీ మందు కొట్టే రోజు వచ్చినప్పుడు డ్రోను లేచింది. చేను ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, తిరిగి వచ్చింది. కింద ఆకులన్నీ ఊగాయి. కోడలు నా పక్కన గట్టు మీద నిలబడింది. వీపు మీద ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు కట్టుకుంది, కాసేపు వదిలింది.

"ఎట్లున్నదత్తా?" అని అడిగింది.

సంతోషపడాలని నాకు తెలుసు. చేను మొత్తం చూశాను.

"గా మూలకు మందు పడలే. మల్లొకసారి తిప్పుమను" అన్నాను.