కండెలు చుట్టిన ఇంగ్లీషు టీచరమ్మ

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయిన సోమవారం కరీంనగర్‌లో కన్నుమూశారు. నేను పాఠాలు చెప్పే బడికి ఆ కబురు మూడు రోజులు ఆలస్యంగా అందింది. అప్పటికి ఇంకా రెండు తరగతులున్నాయి. అవి ముగించి వచ్చి, ఇది రాస్తున్నాను.

నేను మెట్రిక్ చదివే ఏడు ఆమె మాకు 'కాల్ ఇట్ ఎ డే' అనే మాట నేర్పారు. ఈ పూటకు చాలనుకుని పని ఆపి, కాస్సేపు మన కోసం, ఇంటివాళ్ల కోసం ఉండడమట. సొంతంగా ఒక వాక్యం రాయమన్నారు. 'మై మదర్ కాల్స్ ఇట్ ఎ డే ఆన్ అమావాస్య' అని రాశాను. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచే నేత ఇల్లు మాది. నెలలో మగ్గం ఆగేది ఆ ఒక్క రోజే.

ఆమె ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. "మరి నువ్వెప్పుడు సదువుతవే?" అని అడిగారు. బడి విడిచింది మొదలు చీకటి పడేదాకా రాట్నం మీద మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడతానని చెప్పాను. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. పరీక్ష తప్పితే ఇక మగ్గమే అని బాపు అప్పటికే తేల్చేశాడు.

మర్నాడు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చారు.

"పరీక్షల దాంక పిల్లను ఇడిచిపెట్టుండ్రి."

బాపు మగ్గం మీంచి లేవలేదు. "కండెలెవలు చుడ్తరు టీచరమ్మా? నువ్వు చుడ్తవా?"

"చుడ్త. జర నేర్పుండ్రి."

రాట్నం ముందు కూర్చున్నారు. నాలుగు తిప్పులకే పోగు తెగింది. అవ్వ పకపకా నవ్వింది. "గిట్ల చుడ్తె చీర కాదు, ముక్కు తుడిచే దస్తీ గూడ కాదు టీచరమ్మా!"

అయినా నెల రోజులు వచ్చారు. వాళ్లింట్లో అత్తామామలు, ముగ్గురు పిల్లలు. "మీకు ఇంటికాడ పని లేదా?" అని ఒకసారి అడిగాను. "ఉన్నది. పోయినంక చేస్త. నువ్వు సదువు" అన్నారు. ఆమె వదులుగా చుట్టిన కండెల్ని బాపు పక్కన పెట్టేవాడు. పొద్దున్నే అవ్వ వాటిని మళ్లీ చుట్టేది. నేను పరీక్ష పాసయ్యాను. టీచరమ్మా, అవ్వా ఎంత అలసిపోయారో నాకిప్పుడు తెలుస్తోంది.

ఆ నెలలోనే ఒక సాయంత్రం పాఠం పైకి చదువుతూ తలెత్తి చూశాను. రాట్నం ఆగి ఉంది. టీచరమ్మ గోడకు తల ఆనించి నిద్రపోయారు. వేళ్ల మధ్య పోగు అట్లాగే ఉంది. నేను చదవడం ఆపాను.

"ఆపకు బిడ్డా, సప్పుడాగితే లేస్తది" అని అవ్వ మెల్లగా చెప్పి, ఆ పోగును ఆమె వేళ్లలోంచి తన చేతిలోకి తీసుకుంది.