ఫోటోలో ఎర్రకోటావిడ

హసీనా గురించి చెప్పమంటే ముందు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ రంగుల పుస్తకం దాని చేతిలో పెట్టింది నేను. ఏం చెప్పాలో నేర్పింది కూడా నేనే.

నా పేరు లూర్దమ్మ, మాది నరసాపురం దగ్గర. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక ఖతరీ వాళ్ళింట్లో పదకొండేళ్ళు వంట చేశాను. హసీనా అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. రాయచోటి పిల్ల. మొగుడు ఇంకోదాన్ని కట్టుకుని పోతే, రెండేళ్ళ మున్నీని తల్లికి అప్పజెప్పి విమానం ఎక్కింది. వచ్చిన వారానికే ఈ ఇంట్లో నూరా పుట్టింది. ఇద్దరు మగపిల్లల తర్వాత ఆడపిల్ల, ఇంక చూస్కో, నేల మీద దింపితే ఒట్టు. నూరా హసీనా చంకలోనే పెరిగింది. ఇంటావిడని మేమంతా మామా అంటాం, ఆయన్ని బాబా అంటాం. ఆ పిల్ల మాత్రం నిద్దట్లో కూడా హసీనా అనే కలవరించేది.

రెండేళ్ళకోసారి సెలవని కాగితంలో ఉంది. ఉండి ఏం లాభం? నూరా ఊరుకోదని మొదటి సెలవు ఎగ్గొట్టారు. అలా నాలుగేళ్ళు గడిచాయి. అంటే మున్నీకి తల్లి మొహం ఫోటోలో చూడ్డమే.

తొంభై ఆరు అక్టోబరులో హసీనా తల్లి ఫోన్ చేసింది. మున్నీ గుండెలో చిల్లుందట. తిరుపతిలో ఆపరేషన్, డిసెంబరు ఇరవై మూడు తారీకు. ఆ తేదీ తప్పితే మళ్ళీ నాలుగు నెలలు ఆగాలి, అంతవరకు ఆగడం మంచిది కాదన్నాడట డాక్టరు. ఆరేళ్ళ పిల్ల ఫోన్‌లో ఒకటే మాట: "అమ్మీ వస్తేనే నేను లోపలికి పోతా. రాకుంటే పోనే పోను."

హసీనా ఫోన్ పెట్టేసి నా వంటింట్లోకొచ్చి కూలబడింది. "అక్కా, నాకు పోవాల. ఎట్లన్నా పోవాల" అంది.

సరిగ్గా అప్పుడే బాబాకి మంచు మీద మోజు పుట్టింది. ఇసక తప్ప ఇంకోటి ఎరగని దేశంలో పుట్టి, కాళ్ళకి చెక్కలు కట్టుకుని కొండ మీంచి జారతాడట! పిల్లల ఇంగ్లీషు బడికి క్రిస్మస్ సెలవులు, రంజాన్ మొదలయ్యేలోగా తిరిగొచ్చెయ్యాలి. దేశం ఇటలీ అని తేలిపోయింది, అందులోనూ ఈశాన్యంలో ఉన్న కొండలే కావాలన్నాడు. ఆ కొండల్లో ఏ ఊరు, ఏ హోటలు అన్నదే తేలాలి. డ్రైవరు వెంకటప్ప అల్ దోహా అల్ జదీదా పేటలో టిక్కెట్లమ్మే ఆఫీసు నుంచి మూడు చోట్లవి మూడు రంగుల పుస్తకాలు తెచ్చాడు. "ఈశాన్యమంటే దేవునిమూల గదక్కా, అంతా మంచే జరుగుతాది" అన్నాడు. పిచ్చి మారాజు.

ఆ ఆఫీసులో ఫసీయుద్దీన్ అని హైదరాబాదాయన ఉండేవాడు. వెంకటప్ప చేత అడిగిస్తే మూడింటి సంగతీ విడమరిచి చెప్పాడు. మొదటిదానికి మామా తోడికోడలు పోయిన ఏడే వెళ్ళొచ్చింది, కాబట్టి మామా చచ్చినా అక్కడికి వెళ్ళదు. రెండోది ఇల్లులాంటి అపార్టుమెంటు, మనమే వండుకోవాలి, పనిమనిషి లేకపోతే జరగదు. మూడోది పెద్ద హోటలు. చిన్న పిల్లల్ని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా వాళ్ళే చూసుకుంటారు. దానికి వెళ్తే హసీనాతో పని లేదు. పని లేదంటే సెలవే.

మామా మనసు అపార్టుమెంటు మీదుంది, తిండి హలాల్ అవునో కాదో అని. నేనూరుకుంటానా? "బయల్దేరేటప్పుడు ఒక పెట్టె నిండా తిండి సర్దిస్తాను మామా, చేపలు అక్కడే దొరుకుతాయి" అని రోజూ చెవిలో పోశాను. బాబా మాత్రం నవ్వుతూ, "నూరా ఏది చూపిస్తే అదే" అనేశాడు. ఆయన ఆ మాటన్నాడంటే ఆ ఇంట్లో శాసనమే.

అప్పుడొచ్చింది నాకు ఆ పాడు బుద్ధి. హోటలు పుస్తకంలో ఒక ఫోటో ఉంది. ఎర్రకోటు వేసుకున్న ఒకావిడ చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని మంచులో నిలబడింది. టోపీ కనుబొమ్మల దాకా, మఫ్లరు ముక్కు దాకా. కళ్ళు తప్ప ఏమీ కనపడవు.

"ఒసే, ఇది నువ్వేనని చెప్పవే పిల్లకి" అన్నాను.

హసీనా నా వంక చూసింది. "అబద్ధం గదక్కా."

"నీ కూతురి ప్రాణమే ముఖ్యమా, నీ నిజమే ముఖ్యమా?" అని కసిరాను.

చెప్పింది. వారం రోజులు, అన్నం తినిపించేటప్పుడల్లా ఆ పుస్తకం తెరిచి, "ఇదెవరు? హసీనా! ఇదెవరు? నూరా!" అని ఆడించింది. నూరా ఆ ఫోటోని ముద్దులు పెట్టుకుని పెట్టుకుని కాగితం నానబెట్టింది. శుక్రవారం అందరూ కూర్చున్నప్పుడు మూడు పుస్తకాలూ ముందు పరిస్తే, పరుగెత్తుకెళ్ళి మూడోదాని మీద కూర్చుంది. బాబా పగలబడి నవ్వాడు. ఊరు ఖాయమైంది. హసీనాకి ఇరవై రోజుల సెలవు, పదిహేడో తారీకు టిక్కెట్టు. ఆ సాయంత్రం అది నన్ను కావిలించుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా భుజం మీదే ఉంది. మున్నీకి ఫోన్ చేసి, "వస్తాండా బంగారూ" అని చెప్పేసింది కూడా.

డిసెంబరు మొదట్లో హసీనా సంచీ సర్దుకుంటుంటే, మున్నీ కోసం కొన్న బొమ్మ నూరా కంటబడింది. ఎవరికని అడిగింది. ఇండియా పోతున్నానని చెప్పింది హసీనా. నాలుగేళ్ళ పిల్ల కదా, ముందు అర్థం కాలేదు. తర్వాత పుస్తకం తెచ్చి ఎర్రకోటావిడ మీద వేలు పెట్టి, "లా, లా! కాదు, నువ్వు ఇక్కడున్నావు!" అంది. కాదంటే నేల మీద పడి దొర్లింది. రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఒళ్ళు కాలిపోయింది. మూడో రోజు మామా ఒక మాట చెప్పింది. హసీనానీ తీసుకెళ్ళడానికి, దాని పాస్‌పోర్టు ఇటలీ వీసా కోసం ఎంబసీకి పంపేశారట.

మా పాస్‌పోర్టులు ఎప్పుడూ వాళ్ళ బీరువాలోనే ఉంటాయి, అడగడానికి మేమెవరం? హసీనా వెళ్ళి మామా కాళ్ళు పట్టుకుంది. అరబ్బీ, తెలుగు, ఉర్దూ అన్నీ కలిపేసి మొత్తుకుంది. మామా రాక్షసేం కాదు, ఆవిడ కళ్ళూ చెమ్మగిల్లాయి. కానీ ఏమంది? "తిరిగొచ్చాక రెండు నెలలు పంపిస్తాను. ఆపరేషన్ వెనక్కి జరుపుకోలేరా?" అంది. నేను గరిటె నేలకేసి కొట్టాను. అంతకంటే ఏం చెయ్యగలిగాను? ఏమీ లేదు. ఎంబసీలో ఉన్న పాస్‌పోర్టుని ఏ యేసయ్య తెచ్చిస్తాడు?

"నా వల్లే అయిందే" అన్నాను దానితో. తిడుతుందేమో, తిడితే బాగుండునని చూశాను. తిట్టలేదు. నిమ్మకాయలు కోస్తూ కూర్చుంది.

వాళ్ళు ఇటలీ బయల్దేరే ముందురోజు మేమిద్దరం రోడ్డు చివర టెలిఫోను బూత్‌కి వెళ్ళాం. కార్డులో రెండు నిమిషాలే ఉన్నాయి. అవతల హసీనా తల్లి ఏడుస్తోంది. అమ్మీ రాదని చెప్తే పిల్ల మంచం కోడు పట్టుకుని వదలడం లేదట. నాకు కంగారు, నిమిషాలు కరిగిపోతున్నాయి. అప్పుడు హసీనా అంది:

"అమ్మా, ఆడ నర్సమ్మలు మూతికి గుడ్డ కట్టుకోనుంటారు గదా. తలకి టోపీ పెట్టుకోనుంటారు. ఒకామె కాళ్ళు పట్టుకుని బతిమాలు. మున్నీకి చూపించి, ఆమే మీ అమ్మీ అని చెప్పు. చెయ్యి పట్టుకుంటే పోతాది."

నేను బూత్ తలుపు పట్టుకుని మొహం తిప్పుకున్నాను. ఆ అబద్ధం ఎంత బాగా పనిచేస్తుందో దానికి అప్పటికే తెలుసు.

ఇరవై మూడో తారీకున అది మంచులో నూరా చెయ్యి పట్టుకుని నిలబడింది. మామా దానికి కొన్న కోటు కూడా ఎరుపేనట, నూరా పట్టుబట్టి కొనిపించిందట. ఆపరేషన్ ఎలా జరిగిందో వాళ్ళు తిరిగొచ్చేదాకా దానికి తెలీదు. ఆ పదిహేను రోజులూ ఎలా గడిపావే అంటే, "నూరా చెయ్యి గట్టిగా పట్టుకున్న్యానంట, నొప్పని ఏడ్చేది" అంది. అంతే చెప్పింది.

జనవరి ఏడున దోహా చేరారు. సామాను దించీ దించకముందే నేనే దాన్ని బూత్‌కి లాక్కెళ్ళాను. నూరా కూడా దాని కుచ్చిళ్ళు పట్టుకుని వచ్చింది. పిల్ల బతికింది. హసీనా తల్లి, "అల్లా దయ, నర్సమ్మ చెయ్యి పట్టుకుని నవ్వుకుంటా పోయింది" అని చెప్పి ఫోన్ మున్నీకిచ్చింది. హసీనా నాకూ వినపడాలని రిసీవరు మధ్యలో పట్టుకుంది.

మున్నీ గొంతు చాలా నీరసంగా ఉంది. "అమ్మీ, వచ్చినావు గదా. నా చెయ్యి పట్టుకుని పండబెట్టినావు గదా. నేను లేసేలోపల యాడికి పోయినావు?"

కింద నూరా హసీనా చెయ్యి పట్టి ఇంటికి పోదామని గుంజుతోంది.

"డ్యూటీ ఉండె, బంగారూ" అంది హసీనా.