ట్యాంకు పైనుంచి తీసిన తారు

"పాస్ అయింది" అన్న మాటను నేను విన్న వెంటనే నమ్మను. పాస్ అయిన నమూనా ఏది, ఎవరు తీశారు, ఎక్కణ్ణుంచి తీశారు అన్నది తెలిసేదాకా ఆ మాట నాకు ఉత్త చప్పుడు. మా ల్యాబ్ మేనేజర్ దీన్ని నా జబ్బు అంటాడు. నేను దీన్నే ఉద్యోగం అనుకుంటున్నాను.

మాది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ దగ్గర రోడ్డు సామగ్రిని పరీక్షించే చిన్న ల్యాబ్. రోడ్డు వేయించే కౌంటీ ప్రభుత్వం తరఫున, సరఫరాదారు పంపే తారు చెప్పిన గ్రేడుదేనా కాదా అని తేల్చడం నా పని. గ్రేడు అంటే రెండు ఉష్ణోగ్రతలు. ఎంత ఎండ వరకు తారు చక్రాల కింద గాడులు పడకుండా నిలవాలో ఒకటి చెబుతుంది. ఎంత చలి వరకు బిగుసుకుని పగలకుండా ఉండాలో రెండోది చెబుతుంది. మిషిగన్‌లో ఈ రెండు కొసలకూ తట్టుకోవడం మామూలు తారుకు సాధ్యం కాదు కనుక, వేడి మీద ఉన్నప్పుడే అందులో రబ్బరు గుణమున్న పాలిమర్ కలుపుతారు. కలిపినంత మాత్రాన అది కలిసే ఉంటుందన్న హామీ లేదు. కలియబెట్టకుండా వేడి ట్యాంకులో వదిలేస్తే పాలిమర్ మెల్లగా పైకి చేరుతుంది, పాల మీద మీగడలా. అడుగున మిగిలేది దాదాపు మామూలు తారే.

ఆ వేసవి చివర్లో ఒక కొత్త రోడ్డు కోసం వచ్చిన నమూనా డబ్బా ఫలితం మరీ బాగుంది. మెలితిప్పి వదిలితే రబ్బరులా వెనక్కి వచ్చింది. వాళ్ళు కలిపామన్న పాలిమర్ మోతాదుకు అంత రాకూడదు. నాకు సంతోషం కలగలేదు, చిరాకు వేసింది. సరఫరాదారు ప్లాంటుకు ఫోన్ చేసి ఎలా తీశారని అడిగాను. ట్యాంకు వాల్వ్ తెరిచి, పైపులో నిలిచిన మొదటి తారు పారబోసి, ఆ తర్వాత వచ్చేది డబ్బాలో పట్టాలి. అదీ పద్ధతి. వాల్వ్ బిగుసుకుపోయిందట. నిచ్చెనెక్కి, పై మూత తెరిచి, కడ్డీకి కట్టిన డబ్బాతో ముంచుకొచ్చారట. కలియబెట్టే మోటారు వారాంతమంతా ఆపి ఉందని కూడా, గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పారు. లారీలు నింపేది మాత్రం అడుగు నుంచి.

మేనేజర్‌ది కోస్తా. మా తెలుగు చర్చిలో పెద్ద. అక్కడ "అన్నయ్యా" అని పిలిచే అలవాటు ల్యాబ్‌లోకీ వచ్చేసింది. నా హెచ్‌వన్‌బీ వీసా గడువు దగ్గరపడుతోంది. కంపెనీ నా గ్రీన్‌కార్డ్ పిటిషన్ వేయాలంటే అతని సిఫారసు కావాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

"శాంపిల్ పాస్ అయింది కదా సిస్టర్, సైన్ చేసెయ్. నెక్స్ట్ వీక్ పేవింగ్ స్టార్ట్."

"అది ట్యాంకు పైనుంచి ముంచిన శాంపిల్ అన్నయ్యా."

"మళ్ళీ మొదలెట్టావా! చర్చి పాట్‌లక్ భోజనాల్లో బిర్యానీ కూడా అడుగుదాకా తవ్వి చూస్తావా ఏంటి?"

"మసాలా అడుగునే ఉంటుంది. తవ్వకపోతే ఉత్త అన్నమే వస్తుంది."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

అదే తారును సన్నని గొట్టంలో పోసి, కదపకుండా రెండు రోజులు వేడి ఓవెన్‌లో నిటారుగా నిలబెట్టాను. తర్వాత గడ్డకట్టించి మూడు ముక్కలుగా కోసి, పై ముక్కనూ కింది ముక్కనూ వేర్వేరుగా కరిగించి రెండు ఇత్తడి వలయాల్లో పోశాను. ఒక్కోదాని మీద ఒక ఉక్కు గుండు పెట్టి ఒకే గిన్నెలో వేడి చేశాను. కింది ముక్క మీద గుండు జారి పడిపోయింది. పై ముక్క మీదిది చాలాసేపు అలాగే కూర్చుంది. ఈ తారు విడిపోగలదని దీంతో తేలింది. ట్యాంకులో విడిపోయిందని తేలలేదు. అందుకే లోడింగ్ మొదలైన ఉదయం నేనే ప్లాంటుకు డ్రైవ్ చేసి, మొదటి తారు పారబోయించి, లారీ నుంచి డబ్బా పట్టుకొచ్చాను. ఎండ పరీక్షలో అది ఫెయిల్ అయింది.

మేనేజర్ రెండు ఫలితాలూ చూశాడు.

"ఒకటి బాగా హై, ఒకటి కొంచెం లో. యావరేజ్ తీస్తే పాస్ అవుద్ది. అదే రాసెయ్."

ఒక ల్యాబ్ మేనేజర్ అనవలసిన మాట కాదది. రోడ్డు మీద పడేది లారీలోని తారు. ట్యాంకు పైనున్నది ట్యాంకులోనే ఉంటుంది. లేని తారుకూ ఉన్న తారుకూ సగటు ఏమిటి?

"నేను రాయను."

"నీ పిటిషన్ కోసం చర్చిలో నిలబడి ప్రేయర్ చేయించింది నేనే. గుర్తు పెట్టుకో సిస్టర్."

గుర్తుంది. ఆ ప్రార్థనను ఇలా వాడుకోవచ్చని మాత్రం నాకు తోచలేదు. ఏ నమూనా ఎక్కడ తీసిందో రాసి, రెండు ఫలితాలకూ సంతకం చేసి, కౌంటీ ఇంజనీరుకు పంపాను. లారీలు వెనక్కి వెళ్ళాయి. ట్యాంకును కలియబెట్టి నింపిన లారీ నుంచి మళ్ళీ నమూనా తీశాను. పాస్ అయింది. రోడ్డు పడింది.

ఆదివారం చర్చిలో మేనేజర్ లేచి సాక్ష్యం చెప్పాడు: "మా ల్యాబ్‌లో పెద్ద పొరపాటు జరగకుండా దేవుడు నా కళ్ళు తెరిచాడు." అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. పార్కింగ్ లాట్‌లో పిటిషన్ సంగతి అడిగాను.

"ఈ ఇయర్ బడ్జెట్ లేదంటున్నారమ్మా. దానికీ దీనికీ ఏం సంబంధం లేదు."

సంబంధం ఉందో లేదో ఊహించి చెప్పడం నా పని కాదు. బడ్జెట్ ఉందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. సోమవారం హెచ్‌ఆర్‌కు వెళ్ళి అడిగాను. బడ్జెట్ ఉంది, సిఫారసు రాలేదు, అంతే.

తిన్నగా అతని గదికి వెళ్ళి అదే చెప్పాను. అతను కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు. "చూద్దాం సిస్టర్" అన్నాడు.

పిటిషన్ వేసే మరో కంపెనీ కోసం వెతుకుతున్నాను. దొరుకుతుందో లేదో తెలియదు. దొరికేదాకా ఆ గదిలోకి వెళ్ళక తప్పదు. ఇప్పుడు వెళ్ళినప్పుడు అన్నయ్యా అనడం లేదు. ఆఫీసులో తక్కినవాళ్ళందరిలాగే పేరు పెట్టి పిలుస్తున్నాను.