బాపు డబ్బా కొట్టి తోలిన కొండపిట్ట

నాకు నౌకరి వచ్చింది! పిట్టలు లెక్కవెట్టే నౌకరి. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. జనగామల చదివేటప్పుడు గిసొంటి నౌకరి ఉంటదని నాకే తెల్వదు.

మరిపెడ పక్కన మా జొన్నచేన్ల తాత పిట్టల్ని కొట్టిండు, బాపు కొడుతున్నడు, బడి ఎగ్గొట్టి నేను గూడ వడిసెల తిప్పిన. ఇన్నేండ్లు ఎల్లగొట్టి ఇప్పుడు వాటెంట పడి తిరుగుతవా అని అమ్మ ఒకటే నవ్వుడు.

నేను లెక్కవెట్టే పాటపిట్ట దక్షిణాన ఎత్తు కొండల మీద ఉంటది. తేయాకు తోటలకని అడవి కొట్టేసిండ్రు. కొండంత బోడిగుండు, నెత్తిన పిలక లెక్క నాలుగు చెట్లు. గా పిలకలల్లనే కొన్ని మిగిలినై. కిందికి దిగుదామంటె దానికి ఎండ పడదు.

ఇంటర్వ్యూ ఫోన్ల పెట్టిండ్రు. మా ఊర్ల సిగ్నల్ చేన్ల మంచె మీదనే దొరుకుతది. ఎక్కి, స్పీకర్ పెట్టి కూసున్న. కింద బాపు కావలి. మాట్లాడకు అని చెప్పిన. మాట్లాడలే.

ఇంటర్వ్యూ చేసే మేడం ఆ పిట్ట పాట వినిపిస్త, ఎన్ని పిట్టలున్నయో చెప్పుమన్నది. పాట మొదలైందో లేదో, కింద రేకుడబ్బా దనదన మోగింది. కంకుల మీద పిట్ట వాలిందనుకున్నడు బాపు. నా నౌకరి పాయె అనుకున్న నేను.

ఏంది ఆ సప్పుడు అని మేడం అడిగింది. అబద్ధం ఆడుదామంటె డబ్బా ఇంక మోగుతనే ఉన్నది.

"మా బాపు, మేడం. మీ పిట్టను తోలుతున్నడు."

గంతల బాపు నిచ్చెన ఎక్కి తలకాయ పెట్టిండు. "రెండున్నయి బిడ్డా. ఒకటి దగ్గర, ఒకటి దూరం. మన దిక్కు పిట్టలు కావు, అందుకే రాయి ఏయలే."

నాకైతె మూడు వినవడ్డయి. అదే చెప్పిన, బాపు రెండంటున్నడని గూడ చెప్పిన. రెండే అన్నది మేడం.

"మరి నౌకరి నీకెందుకియ్యాలె?"

"ఆయన చేను ఇడిసి రాడు మేడం."

మేడం చానాసేపు నవ్వింది. తెల్లారి ఫోన్ చేసి, చెవి నేర్పుకోవచ్చు గని తప్పు దాచనోళ్లు దొరకరు, వచ్చి చేరుమన్నది.

ఇంకా ఫోన్ చేయాల్సినోళ్లు: డోర్నకల్ల మేనత్త, రైలు సంగతి గూడ అడగాలె. భూపాలపల్లిల బొగ్గుబాయి మామ, ఆయన స్వెట్టర్ కావాలె. జనగామల జువాలజీ సారు. నా కోసం చిల్పూర్ గుట్ట ఎక్కి మొక్కిన దోస్తు. ఆఖరికి మేడం: బాపు గా పాట ఇంకోసారి ఇనాల్నట, ఈసారి డబ్బా ఇంట్ల పెట్టి వస్తడట.