కలిపి పలకాల్సిన మాట

ఎడారి దేశంలో ముఐథర్ అనే ఊరికి వెళ్ళే మా బస్సు ఇసుక తుఫానులో ఆగిపోయింది. "రోడ్డు కనవడ్తలేదమ్మా," అన్నాడు కరీంనగర్ డ్రైవరు. ప్రపంచకప్పు స్టేడియం కడుతున్న క్రేన్లు దగ్గరలోనే ఎక్కడో కిర్రుమంటున్నాయి. మీద పడతాయేమోనని భయపడి కిటికీకి దూరంగా జరిగాను.

పక్కసీటులోని నార్వే పెద్దావిడ, "ఏం పని చేస్తావు?" అని ఇంగ్లీషులో అడిగింది. నర్సునన్నాను.

"మా భాషలో సీకెప్లైయెర్. అను."

"సీకె... ప్లైయెర్."

"అలా విడగొడితే జబ్బుపడిన నర్సు అవుతుంది! కలిపేసి, మొదటి అక్షరం ఒత్తి పలుకు."

అంత భయంలోనూ నవ్వొచ్చింది. సరిగ్గా వచ్చేదాకా పలికించింది.

గాలి తగ్గాక చూస్తే ఆవిడ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకునుంది. అలవాటుకొద్దీ నాడి చూశాను. నాకంటే వేగంగా కొట్టుకుంటోంది.

ఇప్పుడు మా వార్డులో భయపడే పరదేశీ రోగులకు నేను తెలుగు మాటలు నేర్పుతుంటాను.